చప్పుడు చెయ్యని కుర్చీ

వెతూరియా పంతులమ్మ జున్ను చుట్టే కాయితాల మీద రాస్తుంది. మంచి కాయితం తిప్పినప్పుడల్లా గరగరమంటుంది, మైకుకి ఆ చప్పుడు గిట్టదు. మార్కెట్లో గొర్రె జున్ను అమ్మే ఆవిడ ఇచ్చే మెత్తటి కాయితం మాత్రం నోరెత్తదు. ఆ గురువారం పొద్దున కూడా వంటింటి బల్ల మీద వాటిని పరుచుకుని, ఊపిరి తీసుకోవలసిన చోటల్లా పెన్సిలుతో నిలువు గీతలు పెట్టుకుంటోంది. ఒకప్పుడు పేరాకి రెండు గీతలుంటే చాలేది. ఇప్పుడు వాక్యానికి రెండు కావలసి వస్తోంది.

మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు. రేడియో స్టేషనేమో మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు పాడై ఏళ్ళయింది. ఆవిడ మోచేతుల దగ్గర అరిగిన బూడిదరంగు కోటు తొడుక్కుని, ఉడికించిన గోధుమల గిన్నె, ఒక కొవ్వొత్తి, కాయితాలు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. పొట్టి మనిషి, పెద్ద చెవులు, బిగించిన పెదాలు. ఆ పెదాలు చూస్తే ఎదురుచెప్పాలనిపించేది కాదు మాకెవరికీ.

ముందు స్కూల్లో చరిత్ర చెప్పింది. తరవాత పాతికేళ్ళుగా గురువారం మధ్యాహ్నం వార్తలకి ముందు రేడియోలో పది నిమిషాలు చెబుతోంది. రాజుల జోలికి పోదు. మా ఊరికి మంచుగడ్డలు మోసినవాళ్ళెవరు, వరదలో పడవ నడిపిందెవరు, ఇవీ ఆవిడ చరిత్ర. రెండు సన్నటి పుస్తకాలు కూడా వేసింది. పేపర్ల కొట్లో పొద్దుతిరుగుడు గింజల పొట్లాల పక్కన పెట్టి అమ్మేవారు. యూనివర్సిటీలో ఒక పెద్దమనిషి అదంతా 'క్యాబేజీ చరిత్ర' అన్నాడట. ఆవిడ ఊరుకుంటేనా! ఆ మరుసటి వారం నిజంగానే క్యాబేజీ ఊరబెట్టే పీపాల గురించి చెప్పింది. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకునేది ఆ ప్రసంగం గురించే.

ఈమధ్య స్టేషనుకి కొత్త డైరెక్టరు వచ్చాడు. "మీ తరవాత చదివేవాళ్ళెవరూ లేరు కదండీ. నెలాఖరుకి ఆపేసి, ఆ టైము వంటనూనె ప్రకటనలకిచ్చేద్దాం," అన్నాడు.

"చదివేవాణ్ణి తెస్తే?"

"తెస్తే ఉంచుతాను."

ఎవరో ఆవిడకి తెలుసు. రికార్డింగు చూసే గొగూ. ఆవిడ గొంతు ఆవిడకంటే వాడికే ఎక్కువ తెలుసు. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ తప్పించుకున్నాడు. అందుకే ఇవాళ తన దినం తానే పెట్టుకోవాలని నిశ్చయించుకుంది.

మా ఓల్తేనియా ప్రాంతంలో అదేం వింత కాదు. పోయాక అయినవాళ్ళు ఏం పెడతారో, పెట్టరో, కళ్ళతో చూసుకుని పోతే సరి అనుకునే ముసలివాళ్ళు బతికుండగానే కొవ్వొత్తి నిలబెట్టి, ఉడికించిన గోధుమలు పెట్టి, దానాలు చేసేస్తారు. కంచం, చెంచా, దుప్పటి, కుర్చీ, ఇక్కడ ఏది ఇచ్చి, పుచ్చుకున్నవాడు వాడుకుంటే, పైన అది దొరుకుతుందని నమ్మకం. పుచ్చుకున్నవాడు 'బోగ్దాప్రోస్తే' అనాలి, దేవుడు క్షమించుగాక అని. ఆ మాట నోటినుంచి జారిందంటే ఇక వెనక్కివ్వడమన్నది లేదు.

మలుపు మలుపు దగ్గరా ఆగి, గోడకి చెయ్యి ఆనించి, పైకి చేరింది. గొగూ బుగ్గలో గింజలు నములుతూ ఎదురొచ్చాడు. మీసాలున్న భారీ మనిషి.

"పంతులమ్మా, నీ పెదాలేంటి నీలంగా ఉన్నయ్యి? ఇంటికెళ్ళిపో."

"మల్బరీ పళ్ళు తిన్నాలే. పద లోపలికి."

స్టూడియోలో, ఆవిడ పురమాయిస్తే వడ్రంగి ముందే తెచ్చి పెట్టిన కుర్చీ ఉంది. అక్రోటు కర్రది, ఒక్క మేకు కూడా లేకుండా బిగించింది. వెనకభాగానికి ఎర్రదారం పూల తువ్వాలు కట్టి ఉంది. ఆవిడ దాని చెక్క అంచు మీద మైనం కరిగించి కొవ్వొత్తి నిలబెట్టింది.

"ఎవరి దినం ఇయ్యాల?"

"ముందు కూర్చుని చూడు."

గొగూ కూర్చున్నాడు. అటు ఒరిగాడు, ఇటు ఒరిగాడు, వెనక్కి విరుచుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. స్టూడియోలో పాత కుర్చీ మూలుగులతో వేగలేక వాడు పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

"అబ్బ, నోరులేని కుర్చీ! నాకేనా?"

"నీకే. పుచ్చుకో."

"బోగ్దాప్రోస్తే!" అనేసి, అప్పుడు అడిగాడు, "ఇంతకీ ఎవరి పేర?"

"నా పేరనే. ఇది ఈ మైకు ముందే ఉంటుంది. వచ్చే గురువారం నించి నువ్వు దీనిమీద కూర్చుని చదువుతావు. చదవకపోయావో, పైన నేను నిలబడే ఉండాలి."

గొగూ లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. "ఇది మోసం! పంతులమ్మవి, నువ్వు చెయ్యొచ్చా?"

"మూడుసార్లు మర్యాదగా అడగలేదూ?"

"నా యాస వింటే జనం పళ్ళికిలిస్తారు."

"వంటింట్లో కూర్చుని వినేవాళ్ళది ఏం యాసరా? నీదేగా."

"చరిత్రంటే నాకేం తెలుసు?"

"కొన్ని రాసి సంచిలో పెట్టాను. అవి అయ్యాక మార్కెట్లో ముసలమ్మల దగ్గరికెళ్ళి అడుగు. వాళ్ళ చేత చెప్పించడం తేలికే, ఆపడమే కష్టం."

గొగూ గొణుక్కుంటూనే గోధుమలు గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

కొత్త కుర్చీ దానమిచ్చేసింది కాబట్టి ఆవిడ మూలిగే కుర్చీలోనే కూర్చుని రికార్డు చేసింది. సిపాయిల బారకాసుకి బట్టలు ఉతికిన ఆడవాళ్ళ కథ అది. చివర్లో వాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివింది. గీతల దగ్గర చాలాసేపు ఆగింది.

"టేపులోంచి ఈ ఊపిర్లు కోసెయ్యనా?" అద్దం అవతలి నుంచి అడిగాడు గొగూ.

"ఉండనీ. వాళ్ళూ తడిబట్టల మూటలతో ఆగి ఆగి నడిచినవాళ్ళే."

ఇంటికొచ్చి, కిటికీ పక్కన కూర్చుని రేడియో పెట్టుకుంది. పక్కింటి దిదీనా పుల్లచారుకి ఆకు తరుగుతూ గోడ అవతల్నుంచి అదే వింటోంది. ప్రసంగం అయిపోయింది, వార్తలు మొదలయ్యాయి. పంతులమ్మ వార్తలు వినదు, తనది కాగానే టక్కున కట్టేస్తుంది. ఆవేళ వార్తలయ్యాయి, వానల సంగతి చెప్పారు, పాటలు కూడా వచ్చాయి. దిదీనా కత్తి కింద పెట్టి పరుగెత్తింది. పంతులమ్మ ఒక కాలి చెప్పు విప్పుకుని, రెండోది విప్పకుండానే పోయింది. ముఖంలో బాధ లేదు. అనుకున్న పని చేసుకొచ్చిన మనిషి ముఖమే అది.

తరవాతి గురువారం డైరెక్టరు వంటనూనె టేపు పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. అప్పటికే గొగూ మైకు ముందున్నాడు. గడ్డం గీసుకున్నాడు, జేబుల్లో గింజలు లేవు. చేతిలో జున్ను కాయితం ఉంది. డైరెక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఓల్తేనియా వాళ్ళకి నమస్కారం," అన్నాడు గొగూ పక్కా తన యాసలో, "ఇయ్యాల మంచుగడ్డల బండోళ్ళ గురించి." మొదటి పెన్సిలు గీత దగ్గర ఆగాడు. ముందుకి వంగి, వెనక్కి వాలి, తన భారమంతా తువ్వాలు కట్టిన ఆ చెక్క మీద వేశాడు. కుర్చీ కిక్కురుమనలేదు.