మెల్లగా ఆరే దీపం

అత్తగారి మంచం పక్కనున్న దీపం ఆరనని మొండికేసిన రోజే ఆమెకు నిద్ర కరువైంది. మీట తిప్పినా, నాలుగు తిట్లు తిట్టినా అది వెలుగుతూనే ఉంది. చివరికి కోడలు ప్లగ్గు పీకేసింది. ఒక్కసారిగా చీకటి కమ్మేసరికి పెద్దామె ఉలిక్కిపడి లేచి కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు అదే భయం. అందుకే ఆ దీపాన్ని కునుకు పట్టినట్టు మెల్లగా ఆరేలా కొడుకు తయారుచేశాడు. అతను పోయి ఏడాది కావస్తోంది.

కోడలు బడిలో సైన్సు చెబుతుంది. మర్నాడు బడి నుంచి రాగానే దీపం పెట్టె విప్పింది.

"మాడిపోయింది ఈ ట్రాన్సిస్టర్, అత్తయ్యా. మూడు కాళ్ళుంటాయి దీనికి."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కదమ్మా."

కోడలు విననట్టే భర్త సామాన్ల డబ్బాలోంచి కొత్తది తీసి అతికించింది. "కరెంటు ఈ కాల్లోంచి ఆ కాల్లోకి పోతుంది. ఎంత పోవాలో మూడోది చెబుతుంది. దానికి వోల్టేజీ ఇవ్వకపోతే తలుపు మూసినట్టు. నిండుగా ఇస్తే బార్లా తెరిచినట్టు; పాతది మాడి అలాగే బిగుసుకుపోయింది. కొంచెమే ఇస్తే ఓరగా తెరిచినట్టు, కరెంటు ఒరుసుకుంటూ వెళ్తుంది."

ప్లగ్గు పెట్టి మీట తిప్పింది. దీపం నిండుగా వెలిగింది, ఆరింది. రెండుసార్లూ ట్రాన్సిస్టర్‌ని తాకి చూస్తే చల్లగానే ఉంది. మీటని మధ్యలో ఆపి కాసేపాగి తాకింది.

"అబ్బా!" వేలు నోట్లో పెట్టుకుంది.

"మధ్యలో ఉంటేనే కాలుతుందా?"

"అవును. అటో ఇటో అయితే శ్రమ లేదు. సగం ఆపుతూ సగం పోనిస్తుంటేనే ఒళ్ళంతా వేడి."

"తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడ్డ మొగాడిలాగా."

ఇద్దరూ నవ్వారు. ఆ నిలబడ్డ మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు. ఎవరి నవ్వు ముందు ఆగిందో చెప్పడం కష్టం.

కోడలు పెట్టె వెనక్కి తిప్పింది. అక్కడ ఖాళీగా ఓ స్క్రూ రంధ్రం. "ఇక్కడ అల్యూమినియం రెక్కలు ఉండాలే! వేడిని లాగేసేవి అవే. అవి లేకే పాతది మాడింది."

అత్తగారు పైకప్పుకేసి చూసింది. "దువ్వెనలా ఉంటుంది, అదా?"

"అదే."

"దుమ్ము పట్టిందని ఊడదీసి కడిగాను. తళతళలాడుతుంటే సబ్బు కింద పెట్టాను. నీళ్ళు భలే జారిపోతాయే అమ్మాయ్!"

కోడలు కోప్పడబోయి నవ్వేసింది. "మరి స్క్రూ?"

"అంత చిన్నదాన్ని ఎవరు చూశారు?"

మంచం కిందా, చీపురు మూలా వెతికారు. ఇంట్లో ఉన్న స్క్రూలు ఒక్కటీ పట్టలేదు.

"ఇవాళ్టికి దీపం ఒక్కసారిగానే ఆర్పాలి అత్తయ్యా. మీకు నిద్ర పట్టేదాకా పక్కనే కూర్చుంటాను."

"కూర్చుని ఏం చేస్తావు?"

"పాఠం చెబుతాను."

"అయితే పడుతుందిలే."

దీపం ఇప్పుడు వెలుగుతుంది, ఆరుతుంది. మెల్లగా ఆరేలా చెయ్యడం ఇంకా మిగిలే ఉంది.