నడకమ్మ మింగిన మాత్రలు

ఆ పేటలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ నడకమ్మే. పన్నెండేళ్ల కిందట పద్దెనిమిది నెలల్లో ఇరవై రెండు కిలోలు తగ్గి, ఏం చేశావని అడిగినవాళ్లందరికీ "నడిచాను" అని ఒక్కటే మాట చెప్పింది. నడిచిన మాట నిజమే. నడుచుకుంటూ ఒళ్లు తగ్గించే కేంద్రానికి వెళ్లి, నెలకో సీసా మాత్రలు తెచ్చుకునేది. ఆ సంగతి చెప్పలేదు, అంతే.

ఆ ఒక్క మాటకు ముప్పై మంది శిష్యురాళ్లు పోగయ్యారు. రోజూ పొద్దున ఆరింటికి ఆమె వెనకాల బారులు తీరి నడిచేవారు. కొన్నాళ్లకు ఆ మాత్రలు గుండె వాల్వులను పాడుచేస్తున్నాయని తేలి, వాటి అమ్మకం ఆపేశారు. నడకమ్మ ఎవరికీ తెలియకుండా వెళ్లి పరీక్ష చేయించుకుంది.

"ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదమ్మా. రక్తం వెనక్కి కారుతోంది," అన్నాడు గుండె డాక్టరు. "ఏటేటా వచ్చి చూపించుకోండి. పన్ను పీకించుకోవాల్సి వస్తే మాత్రం ముందు ఈ మాట అక్కడ చెప్పండి. నోట్లోని క్రిములు రక్తంలోకి దిగి, దెబ్బతిన్న వాల్వు మీద కాపురం పెట్టాయంటే ప్రాణం మీదికొస్తుంది."

బుద్ధిగా తలూపి వచ్చేసింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఈమధ్య నాలుగు కరెంటు స్తంభాలు దాటితే చాలు, ఆయాసం. అది కనబడనివ్వకుండా ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, వెనకాలవాళ్ల నడకకు వంకలు పెట్టేది. శిష్యురాళ్లు అదీ ఒక పద్ధతే అనుకున్నారు. నాలుగు స్తంభాలకోసారి ముప్పై మందీ ఆగి, నడుం మీద చేతులు పెట్టి, నోరు తెరిచి గాలి పీల్చేవారు. పక్క వీధి జట్టు వచ్చి అది నేర్చుకుని పోయింది.

అలాంటి నడకమ్మకు కింది దవడ పన్ను చీము పట్టి బుగ్గ వాచిపోయింది. పళ్ల ఆసుపత్రికి వెళ్తే, ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి తన శిష్యురాలే. వచ్చినవాళ్ల రాత డాక్టరుకు అర్థం కాదని, ఆ అమ్మాయే ప్రశ్నలు పైకి చదివి ఫారం నింపుతుంది. ఎదురు బెంచీ మీద మరో శిష్యురాలు, దర్జీ అత్త, చెవులు రిక్కించుకుని కూర్చుంది.

"షుగరుందా అక్కా?"

"లేదు."

"బీపీ?"

"లేదు."

"గుండె జబ్బు?" అని అడిగి అమ్మాయి తనే నవ్వేసింది. "అక్కకా! ఆ గుండెను చూసి మన గుండెలు సిగ్గుపడాలి." లేదని రాసేసింది. "సన్నబడే మందులేమన్నా వాడారా?"

"ఏమేవ్!" బెంచీ మీంచి దర్జీ అత్త కసిరింది. "ఆ ప్రశ్న నన్నడిగితే ఓ అందం. నడకమ్మని అడగడానికి నీకు నోరెలా వచ్చిందే?"

అమ్మాయి నాలుక కరుచుకుని అక్కడా లేదని రాసింది. నడకమ్మ ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆమె తరఫున వాళ్లే ఆడిపెట్టారు.

లోపల డాక్టరు ఫారం చూసి ముచ్చటపడ్డాడు. "ఈ వయసులో ఇంత శుభ్రమైన ఫారం నేను చూడలేదమ్మా."

నడకమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. చెబితే రేపు ఆరింటికి వీధిలో తానొక్కతే మిగులుతుంది. చెప్పకపోతే ఇంకా ఎన్ని రేపులు బతికి ఉంటుందో తెలియదు. డాక్టరు సూది దగ్గరికి తెచ్చాడు. ఆమె చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది.

"భయపడకండి, చీమ కుట్టినట్టుంటుంది."

"సూదికి కాదండీ. నా గుండె వాల్వు కారుతోంది. ఏడాదిన్నర పాటు సన్నబడే మాత్రలు మింగాను."

డాక్టరు సూది కింద పెట్టేశాడు. కోప్పడలేదు. "మంచిపని చేశారు. వాల్వు కారే ప్రతివాళ్లకీ ముందుగా క్రిములను చంపే మందు ఇవ్వం. మీకు అవసరమో కాదో గుండె డాక్టరు తేల్చాలి, మళ్లీ పరీక్ష కావాలి. ఈ చీము ఎక్కువ రోజులు ఆగదు, ఇప్పుడే ఫోన్ చేస్తాను." అమ్మాయిని పిలిచి, రెండుచోట్ల లేదు కొట్టేసి అవును అని రాయమని చెప్పి, పక్క గదిలోకి వెళ్లాడు.

అమ్మాయి రెండుచోట్లా అవును అని దిద్దింది. మోసం అన్న మాట కోసం ఎదురుచూస్తూ నడకమ్మ కళ్లు మూసుకుంది.

"ఇరవై రెండు కిలోలూ ఆ మాత్రల వల్లేనా అక్కా?"

"నడక వల్ల ఓ రెండు తగ్గుంటానేమో."

అమ్మాయి ఆమె చెవి దగ్గరికి వంగింది. "వాటి పేరేంటక్కా? ఇంకా ఎక్కడన్నా దొరుకుతాయా?"

"గుండె పాడైందని ఇప్పుడేగా రాశావు!"

"మీరు నిక్షేపంగానే ఉన్నారుగా."

పరువు పోతుందని పన్నెండేళ్లు భయపడింది. పరువు చెక్కుచెదరలేదు. నడక మీంచి దిగి మాత్రల మీదికెక్కి కూర్చుంది.

నడకమ్మ కుర్చీ దిగి, అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

"పీకేశారా?" అంది దర్జీ అత్త.

"లేదు. జరగండి, ఈ పిల్లని కూడా కూర్చోనివ్వండి. మీకో మాట చెప్పాలి."

వాచిన బుగ్గను చేత్తో పట్టుకుని, ఈసారి కిలోల ఊసెత్తకుండా, గుండె సంగతితో మొదలుపెట్టింది.