ఇస్త్రీ అడిగిన మనిషి

ముసలాయన వార్డుకు వచ్చిన రెండో రోజుకే అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఆయనకు బట్టల పిచ్చి.

బస్సు కాలువలోకి బోల్తా పడినప్పుడు తలకు దెబ్బ తగిలి వచ్చాడాయన. సామాను, కాగితాలు అన్నీ నీళ్లపాలయ్యాయి. ఏ దేశం మనిషో, ఏం భాషో తెలియదు. ఎవరు మంచం దగ్గరకు వచ్చినా చెయ్యి పట్టుకుని, "ఇస్త్రి సాయ, ఇస్త్రి సాయ" అనేవాడు. అరచేతిని తన భుజం ఎత్తున గాలిలో ఉంచి చూపించేవాడు. అది చొక్కా తగిలించే కొక్కెం కాబోలనుకుంది సిస్టరు. ఆమె జాలిగుండె మనిషి. ఆయన చొక్కా ఉతికించి, ఇస్త్రీ చేయించి, మడత నలగకుండా రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చింది. ఆయన చొక్కాను చూశాడు, ఆమె మొహం చూశాడు, దాన్ని నేలకేసి కొట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇస్త్రీ సరిగా కుదరలేదేమోనని, పాపం, ఆమె మర్నాడు మళ్లీ చేయించింది. ఈసారి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇదంతా పక్క మంచం మీద నుంచి ప్రూఫురీడరు చూస్తూనే ఉన్నాడు. ముప్పై ఏళ్లు నిఘంటువులు అచ్చువేసే ప్రెస్సులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలికి బరువు వేలాడదీశారు కాబట్టి కదలడానికి లేదు. నోటికి మాత్రం ఏ కట్టూ లేదు. మందు బిళ్ల ఇచ్చినా దాని పేరు ఏ భాషలోంచి వచ్చిందో చెప్పందే మింగేవాడు కాదు. అందుకని వార్డులో ఆయన పేరు 'అర్థాలాయన'.

మూడో రోజు పొద్దున డాక్టరు కూర్చోవడానికి సిస్టరు కుర్చీ జరిపింది. అది ముసలాయన కాలి వేలి మీద పడింది. ఆయన ఏదో గొణుక్కుంటూ దాన్ని పక్కకు తోశాడు. ఆ గొణుగుడులో 'కుర్సి' అనే మాట స్పష్టంగా వినపడింది. అర్థాలాయన చెవులు నిక్కపొడుచుకున్నాయి.

డాక్టరు వెళ్లగానే ఆట మొదలైంది. ఈయన బల్లను చూపించాడు. ఆయన 'మేజ' అన్నాడు. సబ్బు చూపిస్తే 'సాబున్' అన్నాడు. కిటికీకి 'జెందెలా'. ముసలాయన మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనపడింది. సిస్టరు థర్మామీటరు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. మరయితే ఈయన మాటలు సగం మన మాటలేనా అని అడిగింది.

మనవీ కావు, ఆయనవీ కావు అన్నాడు అర్థాలాయన. కుర్చీ అరబ్బుల దగ్గర పుట్టింది. సబ్బు పోర్చుగీసువాళ్ల ఓడ దిగి వచ్చింది. మేజా పోర్చుగీసుదా పారసీకమా అని పండితులు ఇప్పటికీ తగవులాడుకుంటూనే ఉన్నారు. జెందెలా పోర్చుగీసువాళ్ల కిటికీ.

"ఇవన్నీ ఊరూరా తిరిగే మాటలమ్మా. ఎవరింట్లో పడితే వాళ్లింట్లో భోంచేస్తాయి. వీటిని పట్టుకుని ఈయన ఇల్లు కనుక్కోలేం. ఎక్కడపడితే అక్కడ దొరకని మాట ఒక్కటి కావాలి."

ఆ మాట కోసం రోజంతా వెతికాడు. గోడ, దీపం, దుప్పటి, చెప్పులు, అన్నీ అయ్యాయి. కొన్ని ఎన్నడూ వినని మాటలు, కొన్ని అరిగిపోయిన పాత మాటలు. సాయంత్రం కిటికీలోంచి ఎదురుగా కనపడే పెద్ద రేకుల షెడ్డును చూపించాడు. లారీల్లోంచి బస్తాలు దింపుతున్నారక్కడ.

"గుదాంగ్" అన్నాడు ముసలాయన.

అర్థాలాయన లేచి కూర్చోబోయి కాలి నొప్పితో అబ్బా అని మళ్లీ వెనక్కి వాలాడు. ఆ మాట ఆయన చేతి మీదుగా నాలుగుసార్లు అచ్చుకు వెళ్లింది. మన గిడ్డంగి, లేదా దాని తమిళ అక్క, పాత రోజుల్లో వర్తకులతో సముద్రం దాటి మలయ్ భాషలో చేరి గుదాంగ్ అయిందని, అక్కణ్ణుంచి పోర్చుగీసువాళ్ల నోటా ఇంగ్లీషువాళ్ల నోటా నలిగి గోడౌన్ అయి మళ్లీ మన వాకిట్లోకే వచ్చిందని పండితులు చెబుతారు. ఈయనది మలయ్ మాట్లాడే దేశమో, దాని చుట్టుపక్కల దీవులో అయి ఉండాలి.

"అయితే ఆ భాష మీకొచ్చా బాబాయిగారూ?" అంది సిస్టరు.

"ఒక్క ముక్క రాదు. నాకు తెలిసిందల్లా మన దగ్గర్నుంచి ఎత్తుకుపోయిన సామానే."

ఆ భాషలో సంస్కృతం కూడా బోలెడుందని మాత్రం ఆయనకు తెలుసు. తల మీది కట్టును చూపించాడు. కెపాలా అన్నాడు ముసలాయన. కపాలం! మొహం చూపిస్తే ముకా. భుజానికి బాహు. ఇక ఆ రాత్రి అర్థాలాయనకు నిద్ర పట్టలేదు. కెపాలా కపాలమైతే, ఇస్త్రి ఏ మాటలోంచి వచ్చినట్టు? మనకు బట్టల ఇస్త్రీ కూడా పోర్చుగీసువాళ్లే ఇచ్చారంటారు. కానీ ఈయన అడిగేది అది కాదేమో.

మర్నాడు మధ్యాహ్నం అర్థాలాయన భార్య వచ్చింది. మనవడు ఇస్కూలుకు పోనని మారాం చేస్తున్నాడని చెబుతూ మంచం అంచున కూర్చుంది. ఆయన వింటున్నవాడల్లా చెయ్యెత్తి ఆపాడు.

"ఏమన్నావ్? మళ్లీ అను."

"ఇస్కూలుకు పోనంటున్నాడని."

"స్కూలుకు ముందు 'ఇ' ఎందుకు పెట్టావు?"

"అలాగే వస్తుంది మరి. మీ ప్రూఫులు దిద్దే అలవాటు నా మీద చూపించకండి."

ఆయన ఆమెను పట్టించుకోలేదు. పక్కకు తిరిగి, భార్యను చూపిస్తూ ముసలాయనను అడిగాడు.

"ఇస్త్రి?"

 ముసలాయన ఆమెను చూపించి, అర్థాలాయన గుండెను చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, అరచేతిని మళ్లీ భుజం ఎత్తున గాలిలో నిలిపాడు. అది కొక్కెం ఎత్తు కాదు. ఒక ఆడమనిషి ఎత్తు.

"స్త్రీ. స్కూలు ఇస్కూలైనట్టే ఇస్త్రి అయింది" అన్నాడు అర్థాలాయన సిస్టరుతో, గొంతు తగ్గించి. "ఈయన అడిగేది చొక్కా అని మనం అనుకున్నాం. ఆయన నాలుగు రోజులుగా పెళ్లాం ఏదని అడుగుతున్నాడు."

సిస్టరు బల్ల మీది ఫోను దగ్గరకు దాదాపు పరుగెత్తింది. ఆ ప్రమాదం నాడు ఇక్కడ మంచాలు చాలక కొందరిని వేరే ఆసుపత్రులకు పంపారు. మొదటి రెండు చోట్లా లేదన్నారు. మూడో చోట పెద్ద నర్సు తటపటాయించింది. చెయ్యి విరిగిన ఒక పెద్దావిడ ఉందట, కానీ మొగుడు పోగొట్టుకున్న మనిషిలా లేదట, మహా భక్తురాలట. పొద్దస్తమానం స్వామీ స్వామీ అని ఏడుస్తుందట. ఆవిడ ధ్యానానికి అడ్డు రాకూడదని తాము పలకరించడం కూడా తగ్గించేశామని చెప్పింది.

సిస్టరు ఫోను చేత్తో మూసి ఆ మాట గట్టిగా చెప్పింది.

"స్వామి అంటే భగవంతుడే కాదమ్మా, మొగుడు కూడా" అన్నాడు అర్థాలాయన. "వెంటనే పంపించమను."

సాయంత్రానికి ఆమెను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. దిగొద్దన్నా వినకుండా ముసలాయన మంచం దిగి తలుపు దాకా నడిచాడు. ఆమె బాగున్న చేత్తో ఆయన తలకట్టును తడిమి చూసింది. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. పావుగంట ఆగలేదు. ఆయన బుద్ధిగా తల వంచుకుని విన్నాడు. ఏమంటోందని సిస్టరు అడిగితే, దీనికి నిఘంటువు అక్కర్లేదని అర్థాలాయన భార్య చెప్పింది.

రెండు రోజుల తర్వాత వాళ్ల రాయబార కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చాడు. ఇద్దరూ బడిపంతుళ్లట, ఉద్యోగాలు అయిపోయాక మొదటిసారి విదేశం చూద్దామని బయల్దేరారట. చొక్కా ఎందుకు విసిరేశారో అడగమంది సిస్టరు. అధికారి ఆయన్ని అడిగి చెప్పాడు. భార్య ఏదని అడిగిన ప్రతిసారీ ఎవరూ సమాధానం చెప్పకుండా శుభ్రమైన బట్టలు తెస్తుంటే, ఆమె పోయిందనీ, అంత్యక్రియలకు తనను తయారు చేస్తున్నారనీ అనుకున్నాడట.

సిస్టరు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. ముసలాయన భార్య వచ్చి ఆమె వీపు నిమిరింది.

వాళ్లు వెళ్లిపోయాక కూడా అర్థాలాయన కాలి బరువు దింపడానికి ఇంకా మూడు వారాలు పట్టింది. ఆలోగా ఆయన మన దగ్గర్నుంచి వాళ్ల భాషలోకి వెళ్లాయని తనకు అనుమానమున్న నలభై మాటలు ఒక కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అధికారి ఇచ్చిన చిరునామాకు పంపాడు. ఇంటికి చేరిన చాలా రోజులకు జవాబు వచ్చింది. ఆయన రాసిన కాగితమే తిరిగి వచ్చింది. ముసలావిడ ఎర్ర సిరాతో పదకొండు చోట్ల తప్పులు దిద్ది, అడుగున నలభైకి ఇరవై తొమ్మిది అని మార్కులు వేసింది.

ముప్పై ఏళ్లు ఊరందరి తప్పులూ దిద్దిన ఆ మనిషి దాన్ని భార్యకు చూపించి, మళ్లీ పరీక్ష రాస్తానని కళ్లద్దాలు వెతుక్కున్నాడు.