జలదారి పక్క నిమ్మచెట్టు

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, పులివెందుల నుంచి ఫాతిమా ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చింది. మెట్టినిల్లు దూదేకులవాళ్లది. మామ వలి బాషా, మొగుడు మున్వర్ వీధి వసారాలో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. పెరట్లో ఒక బావి, ఒక నిమ్మచెట్టు. అంతవరకు ఆ ఇంటి ఆడవాళ్లు బావి దగ్గర పాత చీర అడ్డం కట్టుకుని నీళ్లు పోసుకునేవాళ్లు. కొత్తకోడలు వస్తోందని వలి బాషా నాలుగు నాపరాళ్లు నిలబెట్టించి, కింద బండ పరిపించి స్నానానికి జలదారి కట్టించాడు. అందులోంచి నీళ్లు పోయే కాలువను నిమ్మచెట్టు పాదులోకి వదలమని చెప్పింది అత్త షాహీదాబీ. అన్ని నీళ్లు వీధిపాలు చేయడం ఆమెకు ఇష్టం లేదు.

ఆ చెట్టును షాహీదాబీ తానే నాటింది. పదేళ్లుగా కాపు కాస్తూనే ఉంది. వీధిలో ఎవరికి పైత్యం చేసినా, ఎవరింట్లో ఊరగాయ పెట్టినా నిమ్మకాయలు ఆమె పెరటివే. అడగడానికి వచ్చినవాళ్లను కాసేపు కూర్చోబెట్టి మాట్లాడి, కొంగులో పోసి పంపేది. కోడలు వచ్చిన ఏడాదిలోనే వలి బాషా పోయాడు; ఆ తర్వాత ఆమెకు మనుషులతో పొద్దుపోయేది ఆ కాయల వల్లే.

పెళ్లయిన రెండో ఏడు కాపు సగానికి పడింది. మూడో ఏడు పది కాయలు కూడా రాలేదు. నాలుగో ఏడు పూతే లేదు. చెట్టు మాత్రం నల్లగా, దట్టంగా పెరిగింది. చేయెత్తు కొమ్మలు ఏడాదిలో మిద్దె పిట్టగోడను దాటాయి. షాహీదాబీ మొదలు చుట్టూ మేకల ఎరువు పోసింది. ఎండాకాలం జలదారి నీళ్లు చాలవేమోనని పొద్దున పది కడవలు, సాయంత్రం పది కడవలు తోడి పోసింది. దిష్టి తగిలిందని పాత చెప్పు కట్టింది. ఆ చెప్పు తడికి నాని రాలిపోతే ఇంకోటి కట్టింది.

ఫాతిమాకు ఆ నాలుగేళ్లలో కడుపు పండలేదు. ఎదురింటి సరోజమ్మ ఒకరోజు చెట్టును, కోడలిని కలిపి ఒక మాట అంది. నవ్వుతూనే అంది. షాహీదాబీ ఆ పూట నవ్వలేదు. వారం తిరిగాక ఫాతిమా బట్టలు ఆరేసి వస్తుంటే దగ్గరికి పిలిచింది.

"నువ్వు ఆ చెట్టు పక్కకు పోవాక పాపా. ముట్టుకోవాక. నేను నిన్నేమీ అంటాండ్లేదు."

ఫాతిమా సరేనంది. ఆరోజు నుంచి జలదారికి పోవాలంటే బావికి అవతలి వైపు నుంచి చుట్టూ తిరిగి పోయేది. మొదటి రెండు మూడు రోజులు మరిచిపోయి సగం దారిలో వెనక్కి తిరిగేది. తర్వాత అదీ లేదు. కాళ్లు వాటంతట అవే చుట్టు తిరిగేవి. మున్వర్ ఇది చూశాడు. చూసి ఏకే విల్లు మీదికి వంగాడు. ఆయన చెడ్డవాడు కాదు, తల్లి ముందు నోరు లేచేది కాదు, అంతే.

తర్వాతి చలికాలం మొదట్లో, పది రోజులు పుట్టింట్లో ఉండి రమ్మని ఆమెను బస్సెక్కించారు. పది రోజులకని పంపుతూ పెళ్లినాటి ట్రంకుపెట్టె కూడా బస్సు మీదికి ఎక్కించారు. ఆ పెట్టె చూసి ఫాతిమాకు అర్థమయింది. అయినా కిటికీ పక్కన కూర్చుని, మున్వర్ ఇచ్చిన అరటిపండు వలుచుకుని తింది.

తండ్రి ఫకీర్ సాహెబ్ పెట్టెను చూసి, దాన్ని లోపలికి మోసుకుపోయి గోడవారగా పెట్టాడు. ఇంట్లో ఇద్దరే. నాలుగు రోజులు ఊరికే కూర్చుని, అయిదో రోజు ఆమె ఊరి బయట చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, కూలికి పోయింది. ఆ తోట మేస్త్రీ ఆనందయ్య. కిరస్తానీ మనిషి. ఆదివారం చర్చికి పోవడం, మిగిలిన ఆరు రోజులు చీనీ చెట్లతో గడపడం తప్ప ఆయనకు వేరే లోకం లేదు. ఎవరినీ కథలు అడిగేవాడు కాదు. ఫాతిమాకు అది బాగుండింది. కలుపు తీయమంటే తీసేది, ఎండుపుల్లలు ఏరమంటే ఏరేది. తోటివాళ్లు నవ్వినప్పుడు తానూ పెదవులు కదిలించేది.

డిసెంబరు నెలలో ఆనందయ్య, ఎద్దులతో బావినీళ్లు తోడే కపిల తోలడం ఆపించాడు. ఎద్దులను విప్పి వేరే పొలానికి పంపేశాడు. పది రోజులకు పాదులు నెర్రెలిచ్చాయి. ఇరవై రోజులకు చెట్ల ఆకులు దొప్పల్లా ముడుచుకుని వేలాడాయి. ఫాతిమా రోజూ మధ్యాహ్నం సద్ది తినే చెట్టు ఒకటి ఉండింది, బావికి దగ్గర్లో. దాని ఆకులు కూడా వాలిపోయాయి. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, ఒకరోజు ఇంటికి పోయేముందు బావిలోంచి నాలుగు కడవలు తోడి దాని మొదట్లో పోసింది. మర్నాడూ పోసింది. అలా తోటకు మళ్లీ నీళ్లు పెట్టేదాకా పోస్తూనే ఉంది. ఎవరూ చూడలేదు.

జనవరిలో ఆనందయ్య పాదులు తవ్వించి, ఎరువు వేయించి, కపిల తోలించాడు. మూడు వారాలు తిరిగేసరికి తోటంతా పూత. ఆకు కనిపించకుండా తెల్లగా విరగబూసింది. వాసనకు తలనొప్పి వచ్చేది. బావి దగ్గరి ఆ ఒక్క చెట్టు మాత్రం పచ్చగా కొత్త చిగుళ్లేసి ఊరికే నిలబడింది. ఆనందయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మొదట్లో మట్టి పిడికిట్లోకి తీసుకుని చూశాడు. కూలోళ్లందరినీ పిలిచి, దీనికి నీళ్లెవరు పోసినారని అడిగాడు.

"నేనే మామా," అంది ఫాతిమా. "ఆకులు వాలిపోయుంటే చూడలేక పోసినా."

కేకలేస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన కేకలేయలేదు. మిగతావాళ్లను పనికి పంపి, ఆమెను అక్కడే కూర్చోమన్నాడు.

"దప్పికైతేనే చెట్టు పూసేది పాపా. నీళ్లు ఆపితే ఇంక బతకమేమోనని దానికి బయం పుడతాది. అప్పుడు నీళ్లిస్తే పూత కడతాది. రోజూ కడుపునిండా తాగే చెట్టుకు పూసే పనేముంది? ఆకులేసుకుంటా కూచుంటాది."

ఫాతిమా ఆ చెట్టు పచ్చని చిగుళ్లను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత నిమ్మచెట్టు కూడా అంతేనా అని అడిగింది. చీనీ అయినా నిమ్మ అయినా అంతే, ఒక్కటే జాతి అన్నాడాయన. ప్రొద్దుటూరులో పెరటి చెట్టొకటి ఏటేటా కాపు తగ్గి ఇప్పుడు పూయనే లేదని ఆమె చెప్పింది. ఎరువేస్తారా అన్నాడు. శానా వేస్తారంది.

"జలదారి నీళ్లు యాడికి పోతాయి?" అని అడిగాడు ఆనందయ్య.

ఆమె వేలితో మట్టిలో కాలువలా గీత గీసి చెట్టు మొదలుదాకా లాగింది. ఆయన ఆ గీతను చూసి తలూపాడు. లేచి పోయి పని చూసుకున్నాడు.

ఈ లోపల ప్రొద్దుటూరు నుంచి కబురొచ్చింది. జమ్మలమడుగు పిల్లను మున్వర్‌కు చేసుకున్నారు. పేరు దిల్షాద్‌బీ. పెద్దమనుషులు వచ్చి చెప్పి, ఫాతిమాకు ఇష్టమైతే ఆమె కూడా వచ్చి ఉండొచ్చని అన్నారు. ఫకీర్ సాహెబ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఫాతిమా వాళ్లకు టీ కాచి ఇచ్చింది. గ్లాసులు కడుగుతూ, తనకు కోపం రావాలి కదా అని అనుకుంది. గ్లాసులు కడగడం అయిపోయింది. కోపం రాలేదు.

నెల తర్వాత, ఒక శుక్రవారం, తండ్రితో కూడా చెప్పకుండా ప్రొద్దుటూరు బస్సెక్కింది. మున్వర్ నమాజుకు పోయి ఉన్నాడు. షాహీదాబీ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఫాతిమాను చూసి చేతులు ఆగిపోయాయి. లోపలికి రమ్మంది. ఫాతిమా నేరుగా పెరట్లోకి నడిచింది, షాహీదాబీ వెనకే వచ్చింది. జలదారి దగ్గర పదిహేడేళ్ల పిల్ల బట్టలు ఉతుకుతోంది. పిండిన బట్టలు తీసుకుని బావికి అవతలి వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చింది.

ఫాతిమా అది చూసింది.

"ఈ పిల్లను కూడా చెట్టు దగ్గరికి పోవద్దన్యావా అత్తా?"

షాహీదాబీ చేతులకంటిన చింతపండు కొంగుతో తుడుచుకుంది.

ఫాతిమా వంగి, కాలువను చేత్తో చూపించి, తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పింది. ఈ నీళ్లను వీధి వైపు తిప్పమంది. మేకల ఎరువు ఆపమంది. వచ్చే చలికాలం ఆకులు ముడుచుకునేదాకా చుక్క నీరు పోయవద్దని, వాలిపోయినా జాలిపడవద్దని, ఆ తర్వాతే పాదు తవ్వి నీళ్లు పెట్టమని చెప్పింది. గొంతు పెంచలేదు. బజారులో ఎవరికో దారి చెప్పినట్టు చెప్పింది.

"జలదారి కట్టించింది నీకోసరమే గదా," అంది షాహీదాబీ కాలువ వైపు చూస్తూ. "ఆ నీళ్లతోనేనా ఇదంతా?"

"ఆ నీళ్లతోనే."

ముసలామె చెట్టు మొదలు దగ్గర తడిమట్టిలోనే కూలబడింది. ఫాతిమా ఆమెను లేవదీసి, కాళ్లకంటిన బురద కడిగి, మంచం మీద కూర్చోబెట్టింది. దిల్షాద్‌బీ గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ పిల్ల చేతిలోని తడి బట్టలు నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఫాతిమా వాటిని తీసుకుని దండెం మీద ఆరేసి, మున్వర్ రాకముందే బస్టాండుకు పోయింది.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక మున్వర్ పులివెందులకు వచ్చాడు. చెట్టు విరగకాసిందని చెప్పాడు. అమ్మ రమ్మంటోందని, రోజూ ఏడుస్తోందని, ఫాతిమాను తీసుకురాకుండా రావద్దందని చెప్పాడు. తోట గట్టు మీద నిలబడి ఆయన ఇదంతా చెబుతుంటే ఫాతిమా కొడవలి కింద పెట్టి విన్నది. ఆయన కొంచెం చిక్కాడు. చెవుల దగ్గర జుట్టులో దూదిపోగులు ఉన్నాయి. ఒకప్పుడైతే చేయి చాచి తీసేది.

"నేను రాను," అంది. "ఖాజీ దగ్గర తలాక్ కాయితం రాయించి పంపు."

"నామీద కోపమా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "లేదు. ఏమీ లేదు," అంది.

ఆయన గట్టు దిగి రోడ్డు మీదికి పోయాడు. ఆనందయ్య దూరం నుంచి చూశాడు గానీ దగ్గరికి రాలేదు. కాగితం రెండు నెలలకు వచ్చింది. ఫకీర్ సాహెబ్ దాన్ని చదివించుకుని ట్రంకుపెట్టెలో అడుగున పెట్టాడు. అప్పటికి తోట పక్క చేనులో కొత్తగా రెండొందల చీనీ మొక్కలు నాటుతున్నారు. వాటికి నీళ్ల వంతు చూసుకునే పని ఆనందయ్య ఆమెకు అప్పగించాడు. కాగితం వచ్చిన మర్నాడు ఉదయం గుంతలు తవ్వేవాళ్లు పొద్దెక్కినా రాలేదని, ఎవరింటికి ఎవరిని పంపాలో చెబుతూ ఆమె గట్టు వెంట గబగబా నడిచింది.