వేరే కంపెనీ పెట్టె

మదనపల్లెలోని ఆ చిన్న ఫైబర్ కేంద్రానికి ఎలిజబెత్ ఇన్‌ఛార్జి. పొద్దున తలుపు తీయగానే గోడవారనున్న పెట్టె దగ్గరికి పోయి, దాని ఫ్యాను చప్పుడు వింటే గానీ ఆమెకు కుదురుండదు. ఊళ్లోవాళ్ల మాటలను, ఫోటోలను, ఆస్పత్రి స్కానింగులను వెలుగుగా మార్చి, గాజుపోగులో కుప్పం దాకా పంపేది ఆ పెట్టే. దానికి జతగా కుప్పంలో ఇంకొకటి ఉండేది. మొన్నటి వానలో పిడుగు పడి అది కాస్తా పోయింది.

అది పోతే ఇదీ పోవాల్సిందే. ఇన్నాళ్లూ పద్ధతి అదే. ఒక కంపెనీ పెట్టె పంపిన వెలుగు మళ్లీ ఆ కంపెనీ పెట్టెకే అర్థమవుతుంది. ఆ కంపెనీ ఈ రకం తయారుచేయడం మానేసింది కాబట్టి, బాగున్నదాన్ని కూడా పీకి తుక్కులో వేసి, రెండు చోట్లా కొత్త జత పెట్టాలి. అట్లా మంచి మంచి పెట్టెలు లారీ ఎక్కడం ఎలిజబెత్ చూసింది. చక్కగా తిరిగే ఫ్యాను టక్కున ఆగిపోతే గదిలో మిగిలే నిశ్శబ్దం ఆమెకు తెలుసు. ఎవరినో సాగనంపి వచ్చిన ఇల్లులా ఉంటుంది.

అందుకే జిల్లా మేనేజరు గోవిందరాజులును బతిమాలింది.

"సార్, ఇప్పుడు అన్ని కంపెనీలూ ఒప్పుకున్న పద్ధతిలో పనిచేసే పెట్టెలు వచ్చుండాయి. ఎవరిది ఎవరితోనైనా కలుస్తుందంట. కుప్పంలో అట్లాంటిది పెట్టి సూద్దాము సార్."

"కలవకపోతే?"

"కలవకపోతే మా పెట్టె తీసకపోండి."

"సరేమ్మా. కొత్తది బిగించిన దినం సాయంత్రం లారీ తెస్తా. కలిస్తే ఉత్త లారీ పోతుంది."

ఆ మాట ఇచ్చాక ఆమెకు అన్నం సహించలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం ముగ్గురూ ఫోన్లో ఒకే లైన్లోకి వచ్చారు. కుప్పంలో కొత్త పెట్టె బిగించిన సంగీత, దారిమధ్యలో నీరసించిన వెలుగుకు బలం పోసే పుంగనూరు కేంద్రంలో గురుమూర్తి, ఇక్కడ ఎలిజబెత్.

"వెలుగు వస్తాండాది అమ్మా. రెండూ కలిస్తే పడే పచ్చదీపం మాత్రం పడల్యా," అంది సంగీత.

"నా కాడ రెండు పక్కలా బాగుండాది. పుంగనూరును అనబాకండి," అన్నాడు గురుమూర్తి.

"నిన్నెవరన్నారప్పా?"

"అనకముందే చెప్తాండా. యాడ చెడినా మధ్యలో ఉండేవాడికే గదా తిట్లు!"

ఎలిజబెత్ చెబుతుంటే సంగీత కొత్త పెట్టెలో వెలుగు రంగు సరిచూసింది. బలం తగ్గించింది, పెంచింది. వేగం మార్చింది. దీపం పడలేదు.

"దీన్ని చూస్తే ముచ్చటగా ఉండాదమ్మా. ఏం చెప్పినా మారతాండాది. ఇంకేం మార్చేది?"

"కొత్త కోడలు గదా," గురుమూర్తి నవ్వాడు. "మారేదంతా ఆమేనే. అత్తగారు మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలదు."

ఎలిజబెత్ కూడా నవ్వబోయి ఆగిపోయింది. తన పెట్టె వైపు తిరిగింది. దాని మీద ఆయుధపూజకు పనివాళ్లు పెట్టిన కుంకుమబొట్టు, పక్కనే కంపెనీ మనిషి అంటించిపోయిన ఎర్ర కాగితం: సెట్టింగులు ముట్టరాదు. ముట్టుకుంటే మరమ్మతు చేసేది లేదని ఆ రోజుల్లో బెదిరించారు. దాంతో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టలేదు. ముట్టవచ్చన్న ఆలోచన కూడా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

కంప్యూటరు తెరిచి లోపలికి వెళ్లింది. దారిలో చెదిరిన వెలుగును అవతలివాళ్లు సరిచేసుకోవడానికి ప్రతి పెట్టే కొన్ని గుర్తులు కలిపి పంపుతుంది. తన పెట్టె పంపేవి సొంత కంపెనీ గుర్తులు. కుప్పం పెట్టె ఎదురుచూసేవి అందరి గుర్తులు. కిందనే రెండో వరుసలో ఆ అందరి పద్ధతి కూడా ఉంది. ఇన్నేళ్లూ అది దీని కడుపులోనే ఉంది!

"గురుమూర్తీ, మార్చాల్సింది మా పెట్టేనప్పా. కానీ ఆపి మళ్లీ వెయ్యాల. ఇంతవరకూ ఆపిందే లేదు. లేస్తుందో లేదో..."

"లేయకపోతే ఎట్లాగూ లారీనే గదమ్మా."

బయట లారీ హారన్ మోగింది. గోవిందరాజులు గుమ్మంలోకి వచ్చాడు. "ఏమ్మా, ఎక్కిద్దామా?"

"ఒక్క నిమిషం సార్."

ఆమె రెండో వరుస మీద నొక్కి, స్విచ్ ఆపింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. గదంతా ఆ నిశ్శబ్దమే. చెయ్యి పెట్టె మీద ఆనించింది. ఇంకా వెచ్చగానే ఉంది. ప్రభువును తలుచుకుని స్విచ్ వేసింది. పెట్టె కొంచెంసేపు ఊరకుండిపోయింది. తర్వాత ఫ్యాను గర్రుమంది. పసుపు దీపం మినుకు మినుకుమంది.

"అమ్మా! పచ్చ! పచ్చగా పడిందమ్మా!"

"యాల అట్లా అరుస్తావు తల్లీ, నా చెవి పాయ," అన్నాడు గురుమూర్తి. ఆయన గొంతూ బాగానే లేచింది.

ఎలిజబెత్ కుర్చీలో కూలబడింది. ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు, ఏ దేశంలోనో కూర్చుని, అందరం ఒకే మాట మీద ఉందామని రాసుకున్నారు. దాని పుణ్యాన ఇక్కడ ఒక పెట్టె బతికింది. ఎంత పెద్ద మనసుతో చేసిన పని!

"రెండూ వేరే వేరే కంపెనీలే గదమ్మా?" గోవిందరాజులు వంగి, ఇక్కడా పచ్చబడిన దీపాన్ని చూశాడు.

"అవున్సార్."

ఆయన బయటికి పోయి డ్రైవరుతో ఏదో చెప్పాడు. లారీ వెనక్కి తిరిగింది.

సంగీత కొత్త లైను మీదనే వీడియో కాల్ చేసింది. బొమ్మ ఎక్కడా తెగకుండా వచ్చింది. "ఇదోమ్మా, సూడు," అని కొత్త పెట్టెను చూపించింది.

"ఇంత చిన్నదా!" అంది ఎలిజబెత్. కాసేపు దాన్ని తనివితీరా చూసి, ఫోను మెల్లగా తిప్పి, తన పెట్టెను సంగీతకు చూపించింది.