సున్నా దూరం

సుభాషిణిది గుడివాడ. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తూ, బందరులో గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. వేటకెళ్లిన బోట్లు రేవుకు ఎంత దూరంలో ఉన్నాయో ఇంట్లోవాళ్లు ఫోనులో చూసుకునే యాప్ ఆమె రాసిందే. ప్రోగ్రాము మొదలైనప్పుడు అందులో అంకెలు దాచుకునే వేరియబుల్స్‌కి ఏదో ఒక తొలి విలువ ఇవ్వాలి. దూరం, వేగం, డీజిలు అన్నిటికీ ఆమె ఒకే లైనులో సున్నా పెట్టేసింది. "ముచ్చటగా రాశారండీ ఈ లైను" అని టీమ్ లీడర్ శశిధర్ మెసేజ్ పెట్టాడు. దాన్ని ఆమె చాలాసార్లు తీసి చదువుకుంది.

జనం యాప్‌ని ఎలా వాడుతున్నారో చూద్దామని ఒక మధ్యాహ్నం గిలకలదిండి హార్బరుకు వెళ్లింది. చేపల వేలం ముగిసి గట్టంతా ఖాళీగా ఉంది. ఒకామె మాత్రం క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చుంది. పేరు సావిత్రి అని చెప్పింది.

"మా ఆయన బోటు వచ్చేసిందని చూపిస్తందండీ. వేడన్నం తెచ్చాను. చూస్తే ఇక్కడ లేదు" అంటూ ఫోను అందించింది.

దూరం: సున్నా.

సుభాషిణికి సంగతి అర్థమైంది. ఆ ఉదయం ప్రోగ్రామును ఆపి మళ్లీ నడిపారు. మిగతా బోట్ల నుంచి అసలు దూరాలు వచ్చి సున్నాలు పోయాయి. ఈ బోటు నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు.

"అది తప్పండీ. బోటు రాలేదు. కబురు లేకపోతే సున్నా చూపించేలా రాసింది నేనే."

"అయితే ఎక్కడున్నట్టండీ?"

"తెలీదండీ."

సావిత్రి సముద్రం వైపు చూసింది. "ఆ ముక్కే చూపిస్తే ఇంటి దగ్గరే దడుచుకుని కూర్చునేదాన్ని. ఇంత సంబరంగా వచ్చేదాన్ని కాదమ్మా."

సుభాషిణి బోటు యజమాని సత్యానందానికి ఫోను చేసింది. ఆయన వెంటనే మరో బోటును వెతకడానికి పంపాడు. ఆమె గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచి ఆ లైను తీసేసింది. ఒక్కో వేరియబుల్‌కీ విడిగా, తొలి విలువగా 'తెలియదు' అని పెట్టింది. ప్రోగ్రాము పొడుగైంది, చూడ్డానికి మునుపటంత నాజూగ్గా లేదు.

"అన్నం చల్లారిపోతంది. మీరన్నా తినండి" అంది సావిత్రి. ఇద్దరూ చేపల పులుసుతో కలుపుకు తిన్నారు. పక్కన మనిషి ఉండగా తిని ఎన్నాళ్లయిందో సుభాషిణికి గుర్తు రాలేదు.

పొద్దు వాలుతుండగా, ఇంజను చెడిపోయిన బోటును రెండో బోటు లాక్కొచ్చింది. సావిత్రి పరుగెత్తింది. భర్త పోతురాజు దిగగానే అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, తిడుతూ ఇంటిదారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు.

సుభాషిణి ఆటో ఎక్కింది.

"మీవాళ్లెవరన్నా వేట నుంచి వచ్చారాండీ?" అడిగాడు డ్రైవరు.

"లేదండీ. మావాళ్లెవరూ లేరిక్కడ."