గిన్నెలక్క బొటనవేలు

అడుగంటిన గంజులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి గిన్నెలక్క గుండ్రంగా తోముతోంది. ఈ పరాయి దేశంలో పని చాలించి ఇంటికి పోయే విమానం సాయంత్రమే. అయినా పొద్దున్నే వంటశాలకొచ్చి కుళాయి దగ్గర నిలబడింది. కొత్తగా వచ్చే మనిషికి మాడు గిన్నెలు అప్పగించి పోవడం ఆమెకి నచ్చలేదు.

"నీ మనవడికి పోయాల్సిన లాల ఈ గంజుకి పోస్తున్నావేంటక్కా?" అన్నాడు వంటాయన.

"చెయ్యి అలవాటు తప్పకూడదు కదయ్యా."

ఆ చేతుల్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మోచేతుల పైన నలుపు, కింద తెలుపు. వేళ్ల కొసలు వాడి వాడి అరిగిపోయిన సబ్బుబిళ్లల్లా నున్నగా ఉంటాయి. కూతురి మొదటి కాన్పుకి ఆమెకి సెలవు దొరకలేదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఈ కుళాయి దగ్గరే పసిబిడ్డ ఏడుపు విన్నది. ఈసారి కూతురు ముందే చెప్పేసింది, "నువ్వొచ్చేదాకా కననమ్మా, ఎలా వస్తావో నీ ఇష్టం" అని. నెలలు నిండిన పిల్ల. అలాంటి మాటలు వింటుందా లోపలున్నది?

మధ్యాహ్నం గదికి వెళ్లి స్నానం చేసి, తలకి నూనె రాసుకుని, గట్టిగా ముడేసుకుంది. అదే గదిలో ఉండే ఇస్త్రీ పిల్ల సంచీ పట్టుకుని బస్సు దాకా సాగనంపడానికి వచ్చింది.

బస్సు ఆగేచోట ఇద్దరు పోలీసులు పరాయి దేశం వాళ్లని ఆపి కార్డులు చూస్తున్నారు. కుర్ర పోలీసు గిన్నెలక్క కార్డు తీసుకుని, చేతిలోని చిన్న వేలిముద్రల మిషను ముందుకు చాపాడు. ఆమె బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. తుడుచుకుని పెట్టింది. మళ్లీ ఎరుపే. ఫొటో నీదే గానీ వేలు నీది కాదన్నట్టు చూసి, అతను వ్యాను వైపు చెయ్యి చూపించాడు.

ఇస్త్రీ పిల్ల ఆమె చెయ్యి పట్టి ఆపింది. "ఎక్కకక్కా. స్టేషన్‌కి పోయామంటే తేల్చేసరికి తెల్లారుద్ది. విమానం పోయినట్టే."

గిన్నెలక్కకి పోలీసులంటే భయం లేదు. తప్పు చెయ్యనిదాన్ని, నన్నేం చేస్తారనుకుంది. కానీ వ్యాను వైపు అడుగు వెయ్యలేదు. అక్కడ నొప్పులు మొదలైతే కూతురి పక్కన ఎవరు కూర్చుంటారు?

ముసలి పోలీసు నింపాదిగా వచ్చి, గీతలరిగి ఎండిపోయిన ఆమె వేలు వెలుతురుకి తిప్పి చూశాడు. తర్వాత తన బొటనవేలు ముక్కు పక్కన రుద్దుకుని, నువ్వూ చెయ్యమన్నట్టు సైగ చేశాడు.

"ఏంటే, నా ముక్కు కారుతోందంటాడా?"

"ఏమోనక్కా. రుద్దు, పోయేదేముంది?"

రుద్దింది. ఎరుపు. ఆయన ఈసారి తన జుట్టు చూపించాడు. ఆమె చెవి వెనక, నూనె జిడ్డున్న చోట వేలు బాగా రాసి పెట్టింది.

పచ్చ దీపం.

ముసలాయన ఉప్పు సరిపోయిందన్నట్టు తలాడించాడు. కుర్ర పోలీసు కార్డు ఇచ్చేసి, మిషను అద్దానికంటిన నూనెని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ముందే చెప్తే తలంతా రాసేదాన్ని కదా నాయనా" అంది గిన్నెలక్క. ఆయనకి అర్థం కాకపోయినా నవ్వాడు.

బస్సొచ్చింది. "వేళకి తిను, గడియ పెట్టుకుని పడుకో," అని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఏడుపు రాలేదు.

పిల్ల గదికి చేరి చాలాసేపయ్యాక ఫోను మోగింది. "విమానం ఎక్కి కూర్చున్నా. అమ్మాయికింకా నొప్పులు రాలేదంట, మాట మీద నిలబడింది. అన్నట్టు, నా నైటీ ఉతికి ఆరేసి మర్చిపోయా. చించి నేల తుడుచుకో."

"సర్లే అక్కా" అంది పిల్ల.

పక్క మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. కిటికీ బయట తాడు మీద, రెండు చేతులూ కిందికి వేలాడేసి, పూలు వెలిసిన పాత నైటీ గాలికి మెల్లగా ఆరుతోంది.